కాళ్ళతో పుట్టినవాడి మెడ

నేను కాళ్ళతో పుట్టాను. అందరూ కాళ్ళతోనే పుడతారు గదా అనకండి. అందరికీ తల ముందొస్తుంది, నాకు కాళ్ళు ముందొచ్చాయి. మా వైపు దీన్ని ఎదురుకాళ్ళతో పుట్టడం అంటారు. తలతో అంత తొందర పనేమీ లేదని నాకు పుట్టకముందే తెలిసినట్టుంది. తర్వాత నాకు లెక్కలు చెప్పిన మేష్టారు కూడా అదే అభిప్రాయానికి వచ్చారు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాడికి మా ఊళ్ళో పుట్టుకతోనే ఒక ఉద్యోగం ఖాయమైపోతుంది. నడుం పట్టేసినవాళ్ళని తన్నాలి. తన్నడమంటే కోపంగా కాదు. వచ్చినాయన గుమ్మం పట్టుకుని వంగి నిలబడతాడు. నేను కుడికాలి మడమని పట్టేసిన చోట ఆనించి, పైనుంచి కిందికి రాసి తీసేస్తాను. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. అంతే, పట్టు వదిలిపోతుందని నమ్మకం. పట్టు వదలనివాళ్ళు కొందరున్నారు గానీ, నమ్మకం వదిలినవాళ్ళు మాత్రం నాకింతవరకూ తగల్లేదు.

పెనుగంచిప్రోలులో ఆటో ఎక్కి "పేటలో కాళ్ళాయన ఇంటి దగ్గర దింపు" అంటే జగ్గయ్యపేటలో మా గుమ్మం ముందు దింపేస్తారు. మిరపకోతల రోజుల్లో, పత్తితీతల రోజుల్లో నాకు పొద్దున్నే గిరాకీ. బ్రష్షు నోట్లో పెట్టుకుని తన్నిన రోజులున్నాయి. దీనికి డబ్బు ముట్టకూడదు, ముడితే కాలి గుణం పోతుందని మా అమ్మ కట్టడి. అందుకని వచ్చినవాళ్ళు సొరకాయో, గోంగూరో, చేలో కోసిన పచ్చిమిరపకాయలో ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ఆ రోజు మా ఇంట్లో కూర ఏమిటన్నది ఎవరి నడుం పట్టిందన్నదాన్ని బట్టి ఉండేది. నన్ను బెంచీ ఎక్కించిన ఆ లెక్కల మేష్టారిని కూడా తన్నాను. ఆయనే వచ్చి, వంగి, కానియ్యరా అన్నారు. ఇంత మర్యాదగా పెద్దల్ని తన్నే భాగ్యం మా బడిలో చదివిన ఇంకెవరికీ దక్కలేదు.

ఈ వ్యవహారానికంతా యజమానురాలు మా అమ్మ. కాళ్ళు నావి, పేరు ఆవిడది. ఎవరొచ్చినా ముందు నా కాన్పు కథ వినాల్సిందే. ఆసుపత్రిలో అందరూ చేతులెత్తేశారనీ, అప్పుడు వీడు కాళ్ళు చాపాడనీ ఆవిడ చెబుతుంటే వంగినవాడు వంగినట్టే నిలబడి ఆఖరిదాకా వింటాడు. నా కాలికంటే ఆ కథే ఎక్కువమందికి నయం చేసి ఉంటుందని నా అనుమానం. అది ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూసేవాడికి నొప్పి గుర్తుండదు.

నా అసలు ఉద్యోగం వేరే. పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లు తీసిన ఫోటోలన్నీ నా లాప్‌టాప్‌లోకి వచ్చి పడతాయి. పెళ్ళికూతురి బుగ్గ మీద మొటిమ తీసేస్తాను. తలంబ్రాలకి భయపడి కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుక్కి ఇంకో ఫోటోలోంచి కళ్ళు తెచ్చి పెడతాను. అలిగి పెళ్ళికి రాని మేనమామని వేరే పెళ్ళిలోంచి కోసుకొచ్చి వెనక వరసలో నిలబెడతాను. అన్నిటికంటే ఎక్కువగా చేసేది గడ్డాల పని. గొంతు మీద వేలాడే రెండో గడ్డం తీసెయ్యమని అడగని పెళ్ళికొడుకు మా ప్రాంతంలో లేడు. ఇలా పగలంతా ఊరందరి మెడలూ నిటారుగా నిలబెడుతూ, నా మెడని మాత్రం టీపాయ్ మీదున్న లాప్‌టాప్‌లోకి వాల్చేసి కూర్చునేవాణ్ణి. బుద్ధిగా తల వంచుకుని పని చేసుకోమని పెద్దలు చెప్పారు. నేను దాన్ని మరీ అక్షరాలా పాటించాను.

మొదట మెడ పట్టేసింది. తర్వాత భుజాలు చెక్కలయ్యాయి. ఆ తర్వాత తలనొప్పి వచ్చి చేరింది. తల చుట్టూ ఎవరో తడితువ్వాలు బిగించి, రెండు చివర్లూ చెరోపక్కనుంచి లాగుతున్నట్టుండేది. సాయంత్రానికి ఆ లాగుడు కుడికన్ను వెనక్కి వచ్చి తిష్ఠ వేసేది. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మెడ తిరిగేది కాదు. బస్సు రివర్స్ చేసినట్టు మనిషిని మొత్తం తిప్పేవాణ్ణి. ఊళ్ళో కొందరు దాన్ని గౌరవం అనుకున్నారు, నేనూ కాదనలేదు.

మా అమ్మ దిండు తీసుకెళ్ళి ఎండలో పెట్టింది. మెడ పట్టేస్తే దిండు ఎండబెట్టాలన్నది మా ఇంటి వైద్యం. దిండుకి బాగా తగ్గింది. క్షవరం చేసే ఆయన ఇదెంతపని అని నా తలని రెండు చేతులా పట్టుకుని టక్కున తిప్పాడు. ఆ చప్పుడుకి పక్క కుర్చీలో ఉన్నాయన సగం గడ్డంతోనే లేచి నిలబడ్డాడు. నాకు మర్నాడు రెండో వైపు కూడా పట్టేసింది.

మా ఆవిడ చూసి చూసి, ఊరందరి నడుములూ తంతారుగా, మీ మెడని కూడా ఒకసారి తన్నుకోరాదా అంది. వేళాకోళమే. అయినా నేను తలుపు దగ్గరికి వేసి ప్రయత్నించాను. మనిషి కాలు మనిషి మెడకి అందదు. అందేటంతగా సాగే ఒళ్ళుంటే అసలు మెడనొప్పే రాదు. నేను ఒంటికాలి మీద గోడ పట్టుకుని ఉండగా మా ఆవిడ తలుపు తీసింది, చూసింది, ఏమీ అనకుండా మళ్ళీ వేసేసింది.

చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. తలలో ఏదో ఉందని నా భయం. నా తలలో ఏదో ఉందని అనుమానించిన మొదటి మనిషిని నేనే. ఆయన కళ్ళలో లైటు వేసి, బీపీ చూసి, మోకాళ్ళ మీద తట్టి, తలలో ఏమీ లేదన్నారు. ఇది కొత్త సంగతి కాదు గానీ డాక్టర్ నోటినుంచి వింటే ధైర్యంగా ఉంది. మెడ వెనకా, భుజాల్లోనూ కండరాలు బిగుసుకుపోయి నొప్పి అక్కడినుంచి తలకి ఎగబాకుతోందనీ, నొప్పి మాత్రలు రోజూ మింగితే వాటివల్లే ఇంకో తలనొప్పి పట్టుకుంటుందనీ చెప్పారు. కూర్చునే తీరు మార్చుకోమన్నారు. నందిగామలో ఒకమ్మాయి మసాజ్ థెరపీ చేస్తోంది, పని బాగా వచ్చు, వెళ్ళి చూపించుకోమన్నారు.

ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు. నాకే చెవులు వేడెక్కాయి. మా వైపు ఒళ్ళు పట్టించుకోవచ్చు, తల రుద్దించుకోవచ్చు, పండక్కి నలుగు పెట్టించుకోవచ్చు, అదంతా సంసారపక్షం. అదే పనిని మసాజ్ అన్నారంటే మాత్రం పోలీసులొచ్చి తలుపు కొట్టే వ్యవహారమైపోతుంది. అంతకంటే పెద్ద భయం మా అమ్మ. ఊరి పట్లన్నీ వదిలించే కాళ్ళాయన, తన మెడ వదిలించుకోడానికి నందిగామ బస్సెక్కాడని తెలిస్తే ఆవిడ పరువేం కాను? అందుకని నందిగామలో ఫోటోగ్రాఫర్‌తో పనుందని చెప్పి బయల్దేరాను.

ఆ గది ఒక ఎరువులూ పురుగుమందుల కొట్టు మీద ఉంది. మెట్లు బయటే, రోడ్డుకి ఎదురుగా. 'మెడ, భుజాలు, తలనొప్పికి మసాజ్ థెరపీ' అని చిన్న బోర్డు. కింద బెంచీ మీద వీరులపాడు వైపునుంచి మందులకొచ్చిన రైతులు కూర్చుని ఉంటారు. వాళ్ళకి ఆ మెట్లు తప్ప చూడ్డానికి ఇంకేమీ లేదు. నేను జేబురుమాలు ముఖానికి కట్టుకుని, దుమ్ముకి దగ్గుతున్నట్టు దగ్గుకుంటూ ఎక్కాను. వెళ్ళగా వెళ్ళగా తెలిసింది, అక్కడికొచ్చేవాళ్ళందరిదీ ఇదే పద్ధతని. ఒకావిడ కొంగు నెత్తిమీంచి కళ్ళదాకా లాక్కుని, తడుముకుంటూ ఎక్కేది. సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా ఒకాయన హైవే అంతా హెల్మెట్‌ని బండి హ్యాండిల్‌కి తగిలించుకొచ్చి, బండి స్టాండు వేశాక అప్పుడు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేవాడు.

లోపల ఇంత దాపరికానికి తగినదేమీ లేదు. తలుపు బార్లా తెరిచి ఉండేది. మూలన కుర్చీలో ఆ అమ్మాయి అత్తగారు కూర్చుని, మెడ వంచి ఫోన్‌లో సీరియల్ చూస్తూ ఉండేది. కోడలు మగవాళ్ళకి మెడలు పడుతుంటే పక్కన పెద్దదిక్కు ఉండాలని ఆవిణ్ణి కూర్చోబెట్టారు. ఆవిడ తలెత్తి ఎవర్నీ చూసింది లేదు. అసలు ఆ గదిలో అందరికంటే ముందు వైద్యం కావాల్సిన మెడ ఆవిడదే.

ఆ అమ్మాయికి ముప్పై దాటి ఉంటాయి. హైదరాబాద్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో కొన్నేళ్ళు ఈ పని నేర్చుకుని, చేసి, భర్తకి ఇటు బదిలీ అయితే వచ్చేసింది. గట్టిగా మాట్లాడుతుంది, గట్టిగా నవ్వుతుంది, తన చేతిపని గురించి తనే గొప్పలు చెప్పుకుంటుంది. మొదటిరోజే బామ్ ఉన్న వేలు నా కంట్లో పెట్టి, ఒక్క నిమిషం ఏడవండి అన్నయ్యా, పోద్ది అంది.

అంతకుముందు నా చేతికి ఫోనిచ్చి, మామూలుగా ఎట్లా చూస్తారో అట్లాగే చూడమని పక్కనుంచి తన ఫోన్‌లో ఫోటో తీసి చూపించింది. అందులో ఒక తాబేలు ఉంది. చొక్కా మాత్రం నాది. అలవాటుకొద్దీ వేళ్ళతో మెడ సరిచెయ్యబోయాను.

"ఫోన్‌లో కాదన్నయ్యా, కుర్చీలో చేసుకోవాలి. తల భుజాల మీదుండాలా? మీది భుజాలకంటే ముందు బయల్దేరింది. దాన్ని వెనక్కి లాగలేక ఈ కండలు పగలూ రాత్రీ డ్యూటీ చేస్తన్నయ్" అంది.

పుట్టినప్పుడు ఆఖర్న వచ్చిన తల, ఇన్నేళ్ళకి అందరికంటే ముందుండాలని చూస్తోందన్నమాట.

బల్ల మీద బోర్లా పడుకోమంది. ముఖం పెట్టుకోడానికి బల్లకి ఒక కన్నం ఉంది. అందులోంచి నేల తప్ప ఏమీ కనపడదు. గోరువెచ్చని నూనె వేసి భుజాలమీంచి మెడవైపు నెమ్మదిగా పామింది. తర్వాత పుర్రె అడుగున, మెడ మొదలయ్యే చోట వేళ్ళు ఆనించి, కదపకుండా నొక్కి పట్టింది. నొక్కింది అక్కడ, నొప్పి లేచింది నా కుడికన్ను వెనక. రోజూ సాయంత్రం వచ్చే నొప్పే, అదే చిరునామా. నేను ఉలిక్కిపడితే, "అదే మీ తలనొప్పి. కంటికాడ దాని బ్రాంచి, ఇది హెడ్డాఫీసు" అంది. ఊపిరి బిగబడితే తను ఎక్కువ నొక్కుతున్నట్టనీ, అప్పుడు చెప్పాలనీ అంది. కాసేపటికి ఆ ముడి తనంతట తనే వెన్నలా జారింది. మెడ విరవదా అని అడిగాను. అలాంటివి తను చెయ్యననీ, చప్పుడు కావాలంటే దీపావళికి కాల్చుకోమనీ చెప్పింది.

ఇంటి దగ్గర చెయ్యమని కసరత్తొకటి ఇచ్చింది. నిటారుగా కూర్చుని గడ్డాన్ని సమంగా వెనక్కి లాగాలి, గొంతు దగ్గర రెండో గడ్డం వచ్చేదాకా. ఊళ్ళో పెళ్ళికొడుకులందరి రెండో గడ్డాలూ చెరిపి బతికేవాణ్ణి, గంటకోసారి గోడకి ఆనుకుని రెండో గడ్డం తెచ్చుకోవడం మొదలుపెట్టాను. లాప్‌టాప్ కింద పాత ఆల్బమ్‌లు దొంతరగా పెట్టి కళ్ళ ఎత్తుకి లేపాను. ఏదీ మంత్రం వేసినట్టు పోలేదు. వారం వారం వెళ్తుంటే తలచుట్టూ తువ్వాలు ఒక్కో మెలికా వదులైంది. ఒక సాయంత్రం బస్సులో వస్తూ ఉండగా తలనొప్పి రాలేదన్న సంగతి గుర్తొచ్చి, ఎక్కడ మర్చిపోయానా అని కంగారుపడ్డాను.

ఆ తర్వాత వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే గది ఎవరిదో అనిపించింది. ఏమైందని బల్ల కన్నంలోంచి అడిగితే అత్తగారు మొదటిసారి ఫోన్ ఆపి, కింద ఎరువుల కొట్టాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడని చెప్పింది. బిల్డింగు ఆయనదే. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయస్తుడు. పైకి ముఖాలు కప్పుకుని ఎక్కుతున్నారు, ఏం జరుగుతోంది పైన అని బెంచీ మీదివాళ్ళు ఆయన్ని అడుగుతున్నారట. ఆయన వియ్యాలవారి చెవిన కూడా పడిందట. నాకు జేబులోని రుమాలు బరువుగా తోచింది.

ఊళ్ళో ఇంకెక్కడైనా గది చూసుకోవచ్చు గదా అన్నాను. చాలా ఇళ్ళు తిరిగిందట. గది దేనికమ్మా అని అడగడం, మసాజ్ అనగానే అవతల తలుపు పడటం. ఒకావిడ, మాకు పెళ్ళి కావాల్సిన పిల్లలున్నారమ్మా అని దండం పెట్టిందట.

"నాకొచ్చిన పని ఇదొక్కటే అన్నయ్యా. ఇది పోతే ఇంట్లో కూర్చుని మా అత్తగారి కాళ్ళు నొక్కుకోవాలి."

"నా కాళ్ళు ఎప్పుడు నొక్కావే నువ్వు?" అని అత్తగారు మూలనుంచి అడిగింది.

"అందుకే గదత్తయ్యా ఈ గది పోకూడదంటన్నా" అని కోడలు అంది. ఇద్దరూ నవ్వలేదు. నా భుజం మీద ఆమె చేతులు ఆగాయి. "ఒక్కరు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, ముఖం కప్పుకోకుండా దిగి, ఆ బెంచీ మీద కూర్చుని, నాకు మెడ తగ్గిందండీ అని చెప్తే చాలు. మీరు చెప్పొచ్చుగా?"

అప్పుడు నా కాళ్ళ సంగతి చెప్పాల్సొచ్చింది. మా అమ్మ సంగతీ చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఇన్నాళ్ళూ పోటీ వైద్యుడికా తను మెడ పడుతున్నది అంది. తర్వాత, పోన్లెండి, అమ్మగారి మాట ఉండాలిగా అని మళ్ళీ పనిలో పడింది. అంతకంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నెలాఖరుకి ముందురోజు వెళ్ళాను, ఇదే ఆఖరిసారేమో అనుకుంటూ. రుమాలు కట్టుకునే వెళ్ళాను. ఎడమవైపు పూర్తయి, కుడివైపుకి వస్తుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు, దాంతోపాటు ఒక మూలుగు. కన్నంలోనే కళ్ళు వెనక్కి తిప్పితే, బల్ల కిందుగా గుమ్మం దగ్గర రెండు పాదాలు కనిపించాయి. వాటి పక్కనే, మోకాళ్ళ దగ్గర, రెండు అరచేతులు కూడా కనిపించాయి. మనిషి పూర్తిగా వంగి ఉంటే తప్ప అవి అక్కడికి రావు. నడుం పట్టు నా సొంత శాఖ, చూడగానే పోల్చుకున్నాను.

వచ్చింది కొట్టాయన. హమాలీ రాలేదని యూరియా బస్తా తనే ఎత్తారట, కలుక్కుమందట. అయినా రేపు గది సంగతి తేల్చాలని వంగినవాడు వంగినట్టే మెట్లెక్కారు. ఆయన వెనకే బెంచీ మీది రైతులిద్దరు, మిరపకి మందేదో చెప్పకుండా పైకి పోతున్నాడని వెంటపడి వచ్చారు.

"ఏమ్మా, రేపటికి..." అని మొదలుపెట్టి కొట్టాయన ఆగిపోయారు. ఆయన వంగి ఉన్నారు. నా కాళ్ళు బల్ల దాటి గుమ్మంవైపు చాపి ఉన్నాయి. ఇన్ని వారాలు ముఖం దాచుకున్నానే గానీ, కాళ్ళకి ఏదైనా కట్టాలని నాకు తట్టలేదు.

"ఈ కాళ్ళు నాకు తెలుసే. జగ్గయ్యపేట కాళ్ళు గదూ ఇవి?" అన్నారు.

నేను కాళ్ళు వెనక్కి లాక్కోబోయాను.

"మీరే గదండీ? కుడి బొటనవేలి గోరు సగమే ఉంటది. అప్పుడొకసారి నడుం పట్టి మీ ఇంటికొస్తే, మీ అమ్మగారు చెప్తున్నంతసేపూ దాన్నే చూస్తా నిలబడ్డా."

నేనేనండి అని నేలకి చెప్పాను.

"అమ్మయ్య. సమయానికి దొరికారు. లేచి ఒక్కసారి తన్నండి. తర్వాత ఈ అమ్మాయితో మాట్లాడే పనుంది."

లేచి కూర్చున్నాను. మెడనిండా నూనె, సగం మెడ మెత్తగా, సగం మెడ కొయ్యగా. కొట్టాయన తలుపు చట్రం పట్టుకుని, నాకు వీపు చూపించి, తయారుగా నిలబడ్డారు. ఆ అమ్మాయి గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది, తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడుస్తోంది. అత్తగారి ఫోన్‌లో సీరియల్ ఆగింది. తన్నితే ఆయన నడుం లేస్తుంది, లేచిన నడుంతో ఈమెని ఖాళీ చేయిస్తాడు. తన్నకపోతే నాలుగు మండలాల్లో మా అమ్మ కథకి ముగింపు లేకుండా పోతుంది. కాలు ఎత్తాను కూడా. అలవాటు.

దించేశాను.

"తన్ననండి" అన్నాను.

"అదేంటండీ? నేనేమన్నా అన్నానా మిమ్మల్ని?"

"నా మెడకే నేనీ అమ్మాయి దగ్గరకొస్తున్నానండి. తలనొప్పి చాలామటుకు పోయింది. మీరూ ఇక్కడే చూపించుకోండి."

"మీకెందుకండీ ఇక్కడికి రావడం? కాలుందిగా మీకు?"

"అందట్లేదండి."

రైతుల్లో ఒకాయన మెట్ల మీంచి కిందికి వంగి, పేట కాళ్ళాయనే ఇక్కడికొస్తన్నాడంటరా, మెడకి, అని బెంచీకి వార్త అందించాడు. నాకు ముఖం కప్పుకునే పని ఆ క్షణంతో తీరిపోయింది.

ఆ అమ్మాయి ముందుకొచ్చింది. నొప్పి కాల్లోకి దిగుతోందా, తిమ్మిరెక్కుతోందా అని అడిగింది. లేదన్నారాయన. అయితే పడుకోమంది.

"నేనా? ఇక్కడా?" అని కొట్టాయన రైతుల వైపు చూశారు.

"మీ బిల్డింగే గదా బాబాయిగారూ, మొహమాటమెందుకు?"

దిగి పోదామన్నా ఆ మెట్లు ఆయన దిగే స్థితిలో లేరు. నేనూ, రైతులిద్దరూ కలిసి ఆయన్ని బల్ల మీదికి చేర్చాం. ఆమె నడుం మీద చెయ్యి వెయ్యడానికి తొందరపడలేదు. పొట్టకింద దిండు పెట్టి, వేడి కాపడం పెట్టి, చుట్టుపక్కల మాత్రం తేలిగ్గా పామింది. కొత్త పట్టు మీద బలం చూపించకూడదనీ, రేపటికి సర్దుకోకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలనీ చెప్పింది. ఆయన ముఖం బల్ల కన్నంలోకి వెళ్ళాక గొంతు మాత్రం కిందినుంచి వస్తూ ఉండేది, బావిలోంచి మాట్లాడుతున్నట్టు.

కొట్టు ఖాళీగా ఉండటంతో కిందివాళ్ళు ఒక్కొక్కళ్ళే పైకొచ్చారు. తెల్లదోమకి ఏం కొట్టాలని ఒకరు, నిన్న తీసుకెళ్ళిన మందు నీళ్ళలో కలవట్లేదని ఇంకొకరు. ఆయన కన్నంలోంచే కంపెనీ పేరూ, మోతాదూ చెబుతున్నారు. వినపడక రైతులు బల్లకింద గొంతుక్కూర్చుని, ఆయన ముఖంలోకి చూస్తూ మాట్లాడారు. మధ్యమధ్య, అమ్మా అక్కడే, కొంచెం కిందికి, అని ఆమెకి చెబుతున్నారు. ఒక పెద్దాయన బల్ల అడుగు భాగమంతా పరిశీలించి, ఇందుకా ఈళ్ళు మూతులు కట్టుకుని ఎక్కేది అని నిరాశగా దిగిపోయాడు. పైన ఏదో జరుగుతోందన్న వదంతి ఆ బల్ల కింద, దోమలమందు బేరంలో, చచ్చిపోవడం నేను కళ్ళారా చూశాను. హెల్మెట్ గుమాస్తా కూడా ఆ సమయానికే వచ్చాడు. గదినిండా మనుషుల్ని చూసి, కాసేపు నిలబడి, ఉక్కపోతకి ఆగలేక హెల్మెట్ తీసేశాడు.

కొట్టాయన లేచారు. పూర్తిగా నిటారుగా కాదు, రోడ్డు కనిపించేంత ఎత్తుకి. చొక్కా సర్దుకున్నారు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"మళ్ళీ రేపు రావాలా నేను?" అని అడిగారు.

"రేపు నెలాఖరు గదా బాబాయిగారూ" అందామె. గొంతు నవ్వుతోంది గానీ గుడ్డని పట్టుకున్న వేళ్ళు బిగిసి ఉన్నాయి.

ఆయన మెట్ల వైపు చూసి, గోడ పట్టుకుని ఒక మెట్టు దిగి, ఆగారు. "ఈ మెట్లకి పట్టుకోడానికి ఏమీ లేదమ్మా. వెల్డింగు కుర్రోడికి చెప్తా, ఒక రెయిలింగు పెట్టిస్తాడు. నడుములు పట్టినోళ్ళు ఎక్కాలంటే కష్టం గదా" అన్నారు. గోడ పట్టుకునే మిగతా మెట్లు దిగిపోయారు.

అత్తగారు సీరియల్ మళ్ళీ పెట్టుకుంది. ఆ అమ్మాయి కాసేపు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది. తర్వాత గుమాస్తాని రమ్మని బల్ల చూపించింది. నాకు కుడివైపు మిగిలిపోయిందని అడగడానికి నోరు రాలేదు. సగం మెడతో బస్సెక్కాను.

వార్త నాకంటే ముందు బస్సెక్కింది. ఇంటికి చేరేసరికి మా అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. వడ్డించింది గానీ మాట్లాడలేదు. ఆవిడ ఇన్నేళ్ళ కథని ఒక్క పూటలో తన్ని వచ్చాను గదా. ఆ తర్వాత పెనుగంచిప్రోలు ఆటోలు కొన్నాళ్ళు మా గుమ్మం దగ్గర ఆగలేదు. కూరలు కొనుక్కోవాల్సొచ్చింది.

ఒక ఆదివారం గోడకి ఆనుకుని రెండో గడ్డం తెచ్చుకుంటూ ఉండగా వాకిట్లో గొంతులు వినిపించాయి. నడుం పట్టి వచ్చిన ఎవరికో మా అమ్మ కథ చెబుతోంది. ఆసుపత్రీ, చేతులెత్తేయడం, అంతా మామూలే. ఆ తర్వాతది మాత్రం కొత్తది.

"నందిగామలో అంత పెద్ద కొట్టాయన, వీడు తన్ననే లేదమ్మా. ఆ కాళ్ళు అట్లా కనపడ్డాయో లేదో, సగం నెప్పి అక్కడికక్కడే పోయింది. మిగతా సగం ఆ మసాజు పిల్ల తీసింది. ఆ పిల్ల చెయ్యి కూడా మంచిదేలే, మావాడి మెడ చూస్తంది."

వచ్చినావిడ నందిగామలో ఎక్కడండీ అని అడిగింది. కొత్త రెయిలింగు ఉంటది, అదే గుర్తు, అంది మా అమ్మ.